చావు కథ, పాట చరిత్ర

ఊరూరూ తిరిగి పాడే కళాకారుడు దారిలో చనిపోతే బతికున్నవాళ్లకు రెండు పనులు మిగులుతాయి. ఆ చావుకు కారణం ఎవరో, ఏమిటో తేల్చడం మొదటిది. ఆ మనిషి అప్పటిదాకా చేసిన పనికి లెక్క చెప్పడం రెండోది. మొదటి పని న్యాయానిదీ చరిత్రదీ. రెండో పని విమర్శది. మన సాహిత్య విమర్శ ఈ రెండో పనిని మొదటి పనిలో కలిపేసి, రెండూ పూర్తయినట్టు తృప్తి పడుతున్నదని నా అభియోగం. సంస్మరణ సంచికలు వస్తున్నాయి. వర్ధంతి సభలు జరుగుతున్నాయి. స్మృతిగీతాలు అచ్చవుతున్నాయి. వాటిలో చనిపోయిన తీరు కనిపిస్తుంది. పాడిన తీరు కనిపించదు.

బెల్లి లలిత గురించి చెప్పడానికే ఈ మాట ఎత్తుకున్నాను. అయితే అంతకుముందు పాఠకుల్ని కొంచెం దూరం తీసుకుపోవలసి ఉంది. కాగజ్‌నగర్‌లో కూర్చుని అమెరికా రాక్ బృందాల గురించి రాయడం ఏమిటని అడగవచ్చు. అది పెట్టుబడి పెట్టి తయారుచేసి అమ్మే సరుకు. మనది చందాల మీద, ఊరివాళ్లు పెట్టిన అన్నం మీద బతికిన కళ. రెంటికీ పొత్తు లేదు. కానీ రెండూ బృందంగా తిరిగే కళలే. ముందు పాడేవాడు ఒకడైతే వెనక వంత పాడేవాళ్లు, వాయించేవాళ్లు, సామాను మోసేవాళ్లు, బండి నడిపేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. బృందం దారిలో కూలిపోతే అక్కడి రాతలు ఏం చేశాయో చూస్తే ఇక్కడి రాతలు ఏం చేయలేదో తెలుస్తుంది. నాకు పోలిక కంటే తేడా ముఖ్యం.

1

1977 అక్టోబర్ 20న లినర్డ్ స్కినర్డ్ అనే రాక్ బృందం దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి లూసియానాలోని బాటన్ రూజ్‌కు అద్దె విమానంలో బయలుదేరింది. మరో కచేరీ కోసం ప్రయాణం. విమానం మిసిసిపీ రాష్ట్రంలో గిల్స్‌బర్గ్ దగ్గర అడవిలో కూలిపోయింది. అందులో ఉన్న 26 మందిలో ఆరుగురు చనిపోయారు. వాళ్లు ముఖ్య గాయకుడు రానీ వాన్ జాంట్, గిటారు వాయించే స్టీవ్ గెయిన్స్, అతని అక్క, వంత గాయని కాసీ గెయిన్స్, యాత్ర ఏర్పాట్లు చూసే డీన్ కిల్‌పాట్రిక్, ఇద్దరు పైలట్లు. పర్యటన అక్కడితో ఆగిపోయింది.

ఆ బృందం కొత్త ఆల్బం సరిగ్గా మూడు రోజుల ముందు, అక్టోబర్ 17న విడుదలైంది. దాని అట్ట మీద బృందమంతా మంటల మధ్య నిలబడి ఉంటుంది. ప్రమాదం తర్వాత రికార్డు కంపెనీ ఆ అట్ట మార్చింది. ఇక పత్రికలకు కావలసిన కథ దొరికింది. మంటల బొమ్మ శకునమైంది. విధి ముందే చెప్పిందన్నారు. ఇప్పటికీ ఆ బృందం గురించి రాసే ప్రతివాడూ ఆ అట్ట దగ్గర ఒకసారి ఆగుతాడు.

విమాన ప్రమాదాన్ని విచారించిన అమెరికా ప్రభుత్వ సంస్థ శకునం గురించి రాయలేదు. ఇంధనం అయిపోయిందని రాసింది. ఎంత ఇంధనం ఉందో, ఎంత ఖర్చవుతున్నదో విమాన సిబ్బంది సరిగా చూసుకోలేదని, కుడి ఇంజన్‌లో లోపం ఉండి ఎక్కువ ఇంధనం తాగిందని తేల్చింది. రాత్రికి ఒక ఊరు, మర్నాటికి మరో ఊరు అని కచేరీలు ముందే అమ్ముడైపోయిన యాత్ర అది. పాత విమానం, తప్పిన ఇంధనం లెక్క, ఆగడానికి వీల్లేని కార్యక్రమ పట్టిక. ఇవి భౌతిక విషయాలు. శకునం కథ వీటిని కప్పేస్తుంది. కప్పేయడమే దాని ఉపయోగం.

తొమ్మిదేళ్ల తర్వాత ఇదే మరోసారి జరిగింది. 1986 సెప్టెంబర్ 27 తెల్లవారుజామున స్వీడన్‌లో మెటాలికా బృందం బస్సు బోల్తాపడింది. బాస్ గిటారు వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతనికి 24 ఏళ్లు. ప్రపంచ పర్యటనలో ఐరోపా భాగం ఆగిపోయింది. అంతకుముందు రాత్రి బస్సులో పడక కోసం పేకముక్కలు తీశారనీ, అతనికి ఆ పడక దక్కిందనీ కథ. ఆ పేకముక్క కథ ఎరగని అభిమాని ఉండడు. పరిశ్రమ మాత్రం పేకముక్క దగ్గర ఆగలేదు. ఆరు వారాలు తిరిగేసరికి, నవంబర్ 8న, కొత్త వాద్యకారుడితో బృందం మళ్లీ వేదిక ఎక్కింది. ఒప్పుకున్న కచేరీలు ఉన్నాయి కదా.

ఇంతవరకూ చెప్పింది సులువైన విమర్శ. పెట్టుబడి చావును కూడా సరుకు చేస్తుందని అనడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అక్కడే ఆగిపోతే అర్ధసత్యమే చెప్పినట్టవుతుంది. మిగతా సగం మనకు ఇబ్బంది కలిగించేది. బర్టన్ చనిపోయి నలభై ఏళ్లు కావస్తున్నా అతను ఏ తీగ ఎలా మీటాడు, సంప్రదాయ సంగీతంలో నేర్చుకున్నదాన్ని ఆ గోలలో ఎక్కడ పెట్టాడు అని వాద్యం నేర్చుకునే కుర్రవాడు ఈ రోజు కూడా విని చర్చించగలడు. ఎందుకంటే రికార్డు ఉంది. కంపెనీ దాన్ని ప్రేమతో దాచలేదు, ఆస్తి గనుక దాచింది. కారణం ఏదైనా విమర్శకుడి ముందు వినడానికి పాట ఉంది. చావు కథ ఎంత పెరిగినా పాటను పూర్తిగా మింగలేకపోయింది.

2

సొంతదారు లేని కళ కూడా ఈ పని చేయగలదని చూపించే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలోని ఝండాపూర్‌లో జన నాట్య మంచ్ 'హల్లా బోల్' వీధి నాటకం ఆడుతుండగా గూండాలు దాడి చేశారు. సఫ్దర్ హష్మీ తలకు తగిలిన దెబ్బలతో మర్నాడు చనిపోయాడు. జనవరి 4న మలయశ్రీ హష్మీ, తక్కిన నటులు అదే చోటికి తిరిగి వెళ్లారు. ఆగిన నాటకాన్ని పూర్తిగా ఆడారు.

ఈ సంఘటనను మన సభల్లో చాలాసార్లు విన్నాం. వినేటప్పుడు రెండు సంగతులు జారిపోతుంటాయి. ఆ దాడిలో చనిపోయింది సఫ్దర్ ఒక్కడే కాదు. రామ్ బహదూర్ అనే కార్మికుడు కూడా చనిపోయాడు. స్కినర్డ్ కథలో డీన్ కిల్‌పాట్రిక్ పేరు ఎలా వెనక్కి పోయిందో, మన కథలో రామ్ బహదూర్ పేరు అలాగే వెనక్కి పోయింది. ఈ విషయంలో సరుకు సంస్కృతికీ మనకూ ఉండవలసినంత తేడా లేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. జనవరి 4న ఆ బృందం చేసింది సంతాప సభ కాదు. వాళ్లు నాటకం ఆడారు. తమ మనిషిని గుర్తుచేసుకోవడానికి అతని పనినే ఎంచుకున్నారు. ఆనాడు ఆ బృందంలో ఉన్న సుధన్వ దేశ్‌పాండే 2020లో సఫ్దర్ మీద ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. అందులో ఆ హత్య ఉంది. దానితోపాటు నాటకాలు ఎలా తయారయ్యాయి, రాసేదెవరు, సరిదిద్దేదెవరు, కార్మికుల బస్తీలో గుండ్రంగా నిలబడ్డ జనం మధ్య నటుడు ఎటు తిరిగి మాట్లాడాలి అనే పనితనం కూడా ఉంది. విమర్శ చేయవలసిన రెండో పని అంటే నా ఉద్దేశంలో ఇదే.

3

ఇక మన దగ్గరకు వస్తాను.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ వెంకటాపురంలోని ఇంట్లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన బతికాడు, మళ్లీ పాడాడు, 2023 ఆగస్టు 6న మరణించాడు. ఆ తర్వాత రెండేళ్లకు, 1999 మే నెలలో, తెలంగాణ కళాసమితి గాయని బెల్లి లలితను భువనగిరిలో అపహరించి చంపారు. శరీరాన్ని 17 ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పడేశారు. హత్య చేసింది నయీం ముఠా అని ఆరోపణ. నయీం 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అతని వెనక ఎవరున్నారో అతని నోటి నుంచి కోర్టులో వినే అవకాశం అక్కడితో పోయింది.

నల్లగొండ జిల్లా ఊళ్లలో తిరిగి పాడిన ఆ యాత్ర అలా తెగిపోయింది. రాక్ బృందాల యాత్రలు ప్రమాదాల వల్ల ఆగాయి. ఈ యాత్రను ఆపడానికే చంపారు. ఆ క్రూరత్వం కోపంలో జరిగింది కాదు. ఊళ్లో పాడాలనుకునే మరో ఆడపిల్ల గుండెలో భయం పెట్టడానికి జరిగింది. అంటే హంతకులు పాట విలువ తెలిసినవాళ్లు. విమర్శకులకు కూడా అంత తెలిసి ఉండాలి కదా!

ఈమధ్య సాహిత్య విద్యార్థులు రాసిన కొన్ని వ్యాసాలు నా దగ్గరికి వచ్చాయి. తెలంగాణ పాట మీద శ్రద్ధగా రాసినవే. ప్రతిదాంట్లోనూ లలిత పేరు ఉంది. ప్రతిదాంట్లోనూ 17 అనే అంకె ఉంది. ఆమె ఎన్ని పాటలు పాడిందో, వాటిలో తాను కట్టినవెన్నో, ఏ బాణీ ఎక్కడి నుంచి తెచ్చుకుందో, ఆమెకు వంత ఎవరో, డప్పు ఎవరో ఒక్కదాంట్లోనూ లేదు. తప్పు ఆ పిల్లలది కాదు. వాళ్లు చదివిన పుస్తకాల్లో అవి లేవు. ముక్కలు లెక్కపెట్టిన సాహిత్యం పాటలు లెక్కపెట్టలేదు. ఆ అంకెను మరిచిపొమ్మని నేను అనడం లేదు. న్యాయం జరగనంతకాలం దాన్ని గట్టిగానే చెప్పాలి. అది ఆమె మొత్తం జీవిత చరిత్ర అయిపోయిందే, దానికి నా అభ్యంతరం. హంతకులు రాసిన చివరి పేజీని పుస్తకమంతా చేసి చదువుకుంటున్నాం.

బిరుదుల సంగతి కూడా చూడండి. గద్దర్‌ను ప్రజా యుద్ధనౌక అన్నారు. లలితను గానకోకిల అన్నారు. మగవాడి పాట ఆయుధం, ఆడమనిషి పాట పక్షి కూత. కోకిలకు సాధన అక్కర్లేదు, సంఘం అక్కర్లేదు, రాజకీయం అక్కర్లేదు. కాలం వస్తే దానంతటదే కూస్తుంది. ఊరి నడిమిట్ల నిలబడి, వందలమంది మగవాళ్ల కళ్ల ఎదుట, గొంతెత్తి పాలకుల్ని నిలదీసిన స్త్రీకి ఆ పోలిక గౌరవం కాదు. ఆమె చేసింది పని. ఆ పని నేర్చుకున్నది. ఆ పనికి ధైర్యం కావాలి, గొంతు కాపాడుకోవాలి, ఇల్లు గడవాలి. భావకవిత్వం కాలం చెల్లిందని ఎన్నోసార్లు ప్రకటించిన అభ్యుదయ విమర్శ, స్త్రీ గురించి చెప్పవలసి వచ్చేసరికి ఆ కోకిలనే ఎందుకు అరువు తెచ్చుకున్నదో ఆలోచించాలి.

4

పాట గురించి రాయడమంటే పదాల అర్థం చెప్పడం కాదు. పాట కాగితం మీది కవిత కాదు. బుర్రకథ తీసుకోండి. కథకుడు తంబుర మీటుతూ, బొటనవేలి అందెతో తాళం వేస్తూ కథ నడుపుతాడు. ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు పాత కథ చెబుతుంటే రాజకీయం వంత దాన్ని నేటి ధరల్లోకి, నేటి దొరల్లోకి తెస్తాడు. నాజర్ ఈ ముగ్గురి మధ్య పనిని ఎంత నేర్పుగా పంచాడో తెలియకుండా ఆయన బుర్రకథ గొప్పదనం తెలియదు. కథకుడి మాటలు మాత్రమే అచ్చువేస్తే మూడింట రెండు వంతులు పోయినట్టే.

డప్పు సంగతీ అంతే. పాటకు ముందు గడ్డిమంట వేసి డప్పు కాస్తారు. చర్మం బిగిసి స్థాయి వస్తుంది. ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల. వానాకాలంలో చర్మం మాటిమాటికీ మెత్తబడుతుంది. డప్పు మళ్లీ కాగేదాకా గాయకుడు మాటలతో జనాన్ని నిలపాలి. పాట మధ్యలో మాట రావడాన్ని మనం శైలి అంటాం. శైలికి ఇలాంటి పనిపాటల కారణాలు కూడా ఉంటాయి. గద్దర్ పాటా మాటా కలిపిన తీరును, గొంగడిని, చేతికర్రను, కాలి గజ్జెను ఒకే వాక్యంగా చదవగల విమర్శ ఇంకా పూర్తిగా రాలేదు. ఆయన ఒంట్లోని తూటా గురించి రాసినంతగా ఆయన ఊపిరి గురించి ఎవరూ రాయలేదు.

1990ల తెలంగాణ పాటలో విషయాలేమిటో మనకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు, ఎండిన చెరువులు, సారా, వలస, ప్రాంతానికి జరిగిన అన్యాయం. ఇవే విషయాలు ఒక స్త్రీ పాడితే ఏం మారింది? బతుకమ్మ ఆటలో ఆడవాళ్లు తమలో తాము పాడుకునే బాణీ బహిరంగ సభ వేదిక ఎక్కితే దాని వేగం మారిందా, శ్రుతి మారిందా, ఎదుట కూర్చున్న ఆడవాళ్లు వంత కలిపారా? లలిత పాట విన్నవాళ్లు, ఆమె పక్కన నిలబడి పాడినవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ ప్రశ్నలు వాళ్లను అడగాలి. అడిగితే జవాబులు వస్తాయి.

5

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ప్రజల పాట ప్రజల నోట బతుకుతుంది, దానికి రికార్డులూ పరిశోధనలూ ఎందుకని. బండి యాదగిరి సాయుధ పోరాటంలో ప్రాణం ఇచ్చినా ఆయన పాట దాదాపు మూడు దశాబ్దాల తర్వాత 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతున వినపడలేదా అని.

వినపడింది. అయితే ఎలా వినపడింది? ఎవరో గుర్తుపెట్టుకున్నారు, ఎవరో సేకరించారు, ఎవరో పాడారు, ఎవరో ఫిల్ము మీదికి ఎక్కించారు. నోటి జ్ఞాపకం గాలిలో ఉండదు. దానికీ మనుషులు పనిచేయాలి. మా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా దీనికి మంచి సాక్ష్యం. గోండుల వంశ గాథలు ఇన్ని తరాలు నిలిచాయంటే వాటిని కిక్రీ వాయిస్తూ పాడే పర్ధానులు ఉన్నారు గనుక, వాళ్లను పిలిచి, విని, ధాన్యమో పశువో ఇచ్చి పోషించే గోండు కుటుంబాలు ఉన్నాయి గనుక. దీపావళి రోజుల్లో దండారీ బృందం ఒక గూడెం నుంచి మరో గూడేనికి పోతుంది. వచ్చినవాళ్లకు అన్నం పెట్టి, ఆడించి, పాడించి పంపడం ఆ గూడెం బాధ్యత. అది కూడా కళాయాత్రే. దాన్ని నడిపేది టికెట్టు కాదు, పరస్పర బాధ్యత. మార్లవాయి కనకరాజు గుస్సాడీ నృత్యాన్ని పిల్లలకు నేర్పుతూ జీవితం గడిపాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్ 25న ఆయన చనిపోయినప్పుడు ఆ అడుగు ఆయనతో పోలేదు. నేర్చుకున్న కాళ్లు ఉన్నాయి.

ఆ ఏర్పాటు చెదిరిపోతే నోటి జ్ఞాపకం కూడా చెదిరిపోతుంది. ఇందుకు తూటాలే అక్కర్లేదు. కాగజ్‌నగర్‌లో సిర్పూరు కాగితం మిల్లు 2014లో మూతపడి 2018లో కొత్త యాజమాన్యం కింద తెరుచుకుంది. అంతకు చాలా ముందే సర్‌సిల్క్ మూతపడింది. మిల్లు ఆగిన ఆ ఏళ్లలో ఎన్నో కుటుంబాలు బతుకుదెరువుకు ఇతర ఊళ్లకు పోయాయి. కాజీపేట–బల్లార్షా లైను మీద రైలెక్కి పోయినవాళ్లలో మే డే నాడు వంత కలిపే గొంతులున్నాయి, డప్పు చేతులున్నాయి. ఇక్కడి కార్మిక బస్తీల్లో నేను ఒకప్పుడు విన్న కొన్ని పాటలు ఇప్పుడు అడిగితే పల్లవి దాటి చెప్పేవాళ్లు దొరకడం లేదు. ఆ పాటలను ఎవరూ నిషేధించలేదు. పాడే మనుషులు ఒకచోట లేరు, అంతే. ప్రజల నోట బతుకుతుందిలే అనుకునేవాళ్లు ప్రజలు ఎక్కడ బతుకుతున్నారో కూడా చూడాలి.

కంపెనీ పాటను ఆస్తిగా దాచుకుంది. పర్ధాను బాధ్యతగా దాచుకున్నాడు. మధ్యలో ఉన్న మనం, పాట అందరిదీ అని చెప్పి, ఎవరిదీ కాకుండా వదిలేసే ప్రమాదం ఉంది. అందరిదీ అన్నదానికి అందరూ కాపలా కాయాలి.

6

కాబట్టి యువ రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ నేను చెప్పదలుచుకున్నది ఆచరణకు సంబంధించింది. లలిత మీద మరో స్మృతిగీతం రాయడం కంటే ఆమె ఒక పాటకు పూర్తి పాఠం సంపాదించడం పెద్ద పని. ఆ పాటకు రెండు ఊళ్లలో రెండు పాఠాలు దొరికితే తేడా ఎక్కడ వచ్చిందో రాయండి. బాణీ తెలిసినవాళ్ల చేత పాడించి రికార్డు చేయండి. ఈ రోజు జేబులోని ఫోను చాలు, స్టూడియో అవసరం లేదు. పాట కట్టినవాళ్ల పేరుతోపాటు వంత పేరు, డప్పు పేరు, ఆ రాత్రి అన్నం పెట్టిన ఇంటి సంగతి కూడా వాళ్ల అనుమతితో రాసిపెట్టండి. రామ్ బహదూర్ పేరు జారిపోయినట్టు వీళ్ల పేర్లు జారిపోకూడదు. సాహూ, అల్లం రాజయ్య గోండు గూడేల్లో జనం జ్ఞాపకాలను వెతుక్కుంటూ తిరిగి 1983లో 'కొమురం భీం' నవల ఇచ్చారు. గ్రంథాలయంలో కూర్చుంటే ఆ నవల వచ్చేది కాదు. విమర్శకుడికి కూడా అలాంటి తిరుగుడు ఉండాలి.

చావుకు కారణాలను భౌతికంగా వెతకాలని మొదట్లో చెప్పాను. విమానానికి ఇంధనం అయిపోయినట్టే, హత్యకూ ప్రయోజనాలు ఉంటాయి, ఆ ప్రయోజనాలకు మనుషులు ఉంటారు. వాటిని విధికి వదిలేయకూడదు. పాటను కూడా అంతే భౌతికంగా చూడాలి. కోకిల అనీ, అమరమనీ, అజరామరమనీ అంటే అది గాలిలో కలుస్తుంది. ఫలానా ఊళ్లో, ఫలానా గొంతుతో, ఇన్ని చరణాలతో, ఈ తాళంలో, ఈ జనం ముందు అంటే అది చరిత్ర అవుతుంది. మరొకరు నేర్చుకుని పాడటానికి పనికొస్తుంది. భువనగిరిలో 1999లో ఆగినదాన్ని అప్పుడు మళ్లీ ఆ చోటు నుంచే ఎత్తుకోవచ్చు.